స్కైలాబ్ మనమీద పడలే... మేకలే పోయినయ్!

పేపర్లో సైన్సు వార్త వస్తే మన హాస్టల్లో ముందు జోకులు పేలుతాయి. కానీ 1979లో మన కరీంనగర్ పల్లెల్లో ఎవరికీ నవ్వు రాలేదు. "స్కైలాబ్ పడ్తదట, అందరం సస్తమట" అని కొందరు మేకలు, కోళ్లు కోసుకొని తినేశారని మంథని చుట్టుపక్కల పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

స్కైలాబ్ అంటే అమెరికా 1973లో పంపిన అంతరిక్ష కేంద్రం. బరువు సుమారు 77 టన్నులు. సూర్యునిలో అలజడి ఎక్కువైతే భూమి పైపొరల గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆ గాలి రాపిడికే స్కైలాబ్ కిందికి జారింది. 1979 జూలై 11న కొంత కాలిపోగా, మిగిలిన ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. పైగా అక్కడి ఎస్పరెన్స్ వాళ్లు చెత్త పోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు!

మన మేకలకు మాత్రం ఎవరూ పైసా కట్టలేదు.

తాతలను చూసి నవ్వుకోవడం తేలికే. విడమర్చి చెప్పడానికి అప్పుడు ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు మా ఇళ్లల్లో మేమున్నాం. సెల్‌ఫోన్లో ఏదో చూసి అవ్వ భయపడితే, నవ్వి ఊరుకోకుండా పక్కన కూర్చొని చెబుదాం.