ఇన్‌స్టాలర్ చిన్నదైతే చాలా? నెట్ లేనప్పుడు ఏది పనికొస్తుంది?

అంబాజీపేటలో కొబ్బరినూనె వ్యాపారికైనా, అమలాపురంలో సామగ్రి దుకాణానికైనా సాధారణ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 దాఖలు చేయాల్సిందే. గడువు దాటితే ఆలస్య రుసుము తప్పదు. ఇందుకోసం జీఎస్టీ పోర్టల్ ఒక ఆఫ్‌లైన్ టూల్‌ను ఉచితంగా ఇస్తోంది. బిల్లులన్నీ నెట్ లేకుండానే నమోదు చేసుకుని, చివర్లో ఫైల్ అప్‌లోడ్ చేయొచ్చు. అయితే ముందు ఆ టూల్ కంప్యూటర్‌లో ఉండాలి.

నెట్ ఎప్పుడూ ఉంటుందనే భరోసా లేదని కోనసీమవాసులకు అనుభవమే. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పుపై అల్లర్లు జరిగాక మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం పొరుగు ప్రాంతాలకు వెళ్లాల్సి వచ్చింది.

చిన్న ఫైల్ వెనక ఏముంది?

ఇన్‌స్టాలర్లు రెండు రకాలు. మొదటిది వెబ్ ఇన్‌స్టాలర్. చిటికెలో డౌన్‌లోడ్ అవుతుంది కానీ, తెరిచాకే అసలు సాఫ్ట్‌వేర్‌ను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. రెండోది ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్. అంతా అందులోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎన్ని కంప్యూటర్లలోనైనా వాడుకోవచ్చు. గూగుల్ క్రోమ్‌కు రెండూ ఉన్నాయి. వీఎల్‌సీ ప్లేయర్ విండోస్ ఇన్‌స్టాలర్ పూర్తిగా కలిపి సుమారు 40 ఎంబీ మాత్రమే.

ఒక్కో సిస్టమ్‌కు వేరుగా ఎందుకు?

విండోస్‌కు చేసిన ప్రోగ్రామ్‌ను మ్యాక్, లైనక్స్ నేరుగా నడపలేవు. అందుకే విండోస్‌కు ఈఎక్స్ఈ లేదా ఎంఎస్ఐ, మ్యాక్‌కు డీఎంజీ లేదా పీకేజీ, ఉబుంటుకు డెబ్, ఫెడోరాకు ఆర్‌పీఎం ఫైళ్లు విడివిడిగా తయారుచేస్తారు. ఒక్క సిస్టమ్‌కే చేసి వదిలేస్తే మిగతావారికి ఆ సేవ అందనట్టే. జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్ విండోస్ కోసం చేసిందే.

బరువు ఎలా తగ్గిస్తారు?

చాలా యాప్‌లు ఎలక్ట్రాన్ అనే సాధనంతో తయారవుతున్నాయి. ఒకే కోడ్ మూడు సిస్టమ్‌లకూ సరిపోతుంది కానీ, ప్రతి యాప్ వెంట ఒక బ్రౌజర్ ఇంజిన్ మొత్తం వస్తుంది. దాని బదులు సిస్టమ్‌లో అప్పటికే ఉన్న బ్రౌజర్ భాగాన్ని వాడుకుంటే సైజు బాగా తగ్గుతుంది. ఫైళ్లను గట్టిగా కుదించడం మరో మార్గం. విండోస్‌కు ఉచితంగా దొరికే ఎన్ఎస్ఐఎస్‌తో ఇన్‌స్టాలర్ చేస్తే అదనంగా చేరే బరువు 34 కేబీ దాకానే. ఆండ్రాయిడ్‌లో 2021 ఆగస్టు నుంచి ప్లేస్టోర్‌లో కొత్త యాప్‌లకు యాప్ బండిల్ తప్పనిసరి. మీ ఫోన్‌కు అవసరమైన భాగాలే డౌన్‌లోడ్ అవుతాయి.

మీరేం చూసుకోవాలి?

• అధికారిక పోర్టల్ నుంచే తీసుకోండి. జీఎస్టీ టూల్ ‘డౌన్‌లోడ్స్’ విభాగంలో ఉంటుంది.
• మీ సిస్టమ్‌కు సరిపోయేదో కాదో ముందే చూడండి.
• ‘ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్’ ఉంటే అదే ఎంచుకోండి. ఫైల్ మరీ చిన్నదైతే మిగతాది తర్వాత డౌన్‌లోడ్ అవుతుందేమో గమనించండి.
• గడువు రోజు దాకా ఆగకుండా, నెట్ బాగున్నప్పుడే ఇన్‌స్టాల్ చేసి ఒకసారి తెరిచి చూడండి.