ఆంగ్ల ప్రసంగ నైపుణ్యాల బోధన

ఆంగ్ల ప్రసంగ నైపుణ్యాల బోధన అనగా విశ్వవిద్యాలయ విద్యార్థులు తమకు తెలిసిన విషయాన్ని సభ ఎదుట ఆంగ్లంలో క్రమబద్ధంగా వివరించగలిగేలా శిక్షణ ఇవ్వడం. వాడుకలో వీటిని ప్రెజెంటేషన్ స్కిల్స్ అంటారు. సెమినార్లలో, మౌఖిక పరీక్షలలో, ఉద్యోగ నియామకాలలో వీటి అవసరం ఎక్కువ. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి విషయం తెలిసినప్పటికీ, చెప్పలేకపోవడం వలన తెలియనట్లుగానే పరిగణింపబడే ప్రమాదం ఉన్నది.

చరిత్ర

సికింద్రాబాదులో ఆంగ్ల ప్రసంగాలకు పాత చరిత్రే ఉన్నది. రాంగోపాల్‌పేట్‌కు సమీపంలోని మహబూబ్ కళాశాలలో 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద తన పాశ్చాత్య దేశ యాత్ర ఉద్దేశాన్ని గురించి ఆంగ్లంలో ప్రసంగించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆయన చికాగో సర్వమత మహాసభలో మాట్లాడాడు.

ఆంగ్ల బోధనను మెరుగుపరచడానికి 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ స్థాపించబడింది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి ఇది సీఫెల్‌గా మారింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అనే పేరు పొందింది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2009 నాటి బీటెక్ పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరానికి ఆంగ్ల భాషా ప్రయోగశాలను, మూడవ సంవత్సరానికి ఉన్నతస్థాయి ప్రయోగశాలను చేర్చింది. రెండవదానిలో మౌఖిక ప్రసంగం, బృంద చర్చ, ఇంటర్వ్యూ అభ్యాసాలు ఉన్నాయి.

భాషాపరమైన ఇబ్బందులు

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఆంగ్లంలో కర్త వెనువెంటనే వస్తుంది. మనసులో తెలుగు వాక్యం కూర్చుకొని అనువదించే విద్యార్థి అందుకే వాక్యం మధ్యలో ఆగిపోతాడు. చిన్న వాక్యాలతో అభ్యాసం చేయిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక బస్, రోడ్ అనేవి బస్సు, రోడ్డు అవుతాయి. ఆంగ్లంలో ఊనిక కూడా ముఖ్యమే. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరంపై, ఫోటోగ్రఫీ అన్నప్పుడు రెండవ అక్షరంపై ఊనిక పడుతుంది.

బోధన పద్ధతి

* ప్రసంగానికి ఒకే ముఖ్యాంశాన్ని ఎంచుకొని, దానిని ఒక్క వాక్యంలో వ్రాయించాలి.
* ఆరంభం, వివరణ, ముగింపులను వేరుచేసి, ఒకదాని నుండి మరొకదానికి వెళ్ళే మాటలను నేర్పాలి.
* పూర్తి పాఠాన్ని కంఠస్థం చేయనీయరాదు. ఒక వాక్యం మరచిపోతే తరువాతివన్నీ తప్పిపోతాయి. కార్డుపై ముఖ్యపదాలు మాత్రమే ఉండాలి.
* మొదట ఇద్దరు ముగ్గురు సహాధ్యాయుల ఎదుట రెండు నిమిషాలు, తరువాత తరగతి ఎదుట ఐదు నిమిషాలు మాట్లాడించాలి.
* స్లయిడ్లను చదవడం కాక, వివరించడం అలవాటు చేయాలి.
* చివర ప్రశ్నలకు సమయం ఇవ్వాలి. విద్యార్థికి విషయం ఎంత అర్థమైనదీ ఇక్కడే తెలుస్తుంది.

మూల్యాంకనం

విషయ క్రమం, స్పష్టత, సమయపాలన, ప్రశ్నలకు సమాధానాలు మూల్యాంకనంలో ప్రధానమైనవి. శ్రోతలకు అర్థమవుతున్నంతవరకు తెలుగు యాసను దోషంగా లెక్కించనవసరం లేదు. మాటమాటకూ మధ్యలో ఆపి తప్పులు దిద్దితే విద్యార్థి మాట్లాడడమే మానుకుంటాడు. కనుక ప్రసంగం ముగిసిన తరువాత ఒకటి రెండు దోషాలను మాత్రమే సూచించి, మరల మాట్లాడే అవకాశం ఇవ్వడం మేలు.