కారుకే కాదు, కాలికీ నేల కావాలి

ఇల్లు కట్టినప్పుడు వంటగట్టు మీద రాయి కోసం నాలుగు కొట్లు తిరిగాను. పూజగది తలుపు కోసం మావారిని రెండుసార్లు టింబరు డిపోకి పంపాను. కింద కారు షెడ్డు నేల సంగతి వచ్చేసరికి మాత్రం "దానిదేముంది మేస్త్రీ, బండి పెట్టుకునేదేగా, ఏదో ఒకటి వేసేయ్" అని వదిలేశాను. ఆ మాట మళ్ళీ నాకు తొమ్మిదేళ్ళ తర్వాత, అత్తయ్యగారి కుడి మణికట్టు విరిగిన రోజున గుర్తొచ్చింది.

మాది గుంటూరు ఊరి చివర కాలనీ. కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డు అనడమే గానీ అందులో కారు ఉండేది రాత్రిపూటే. పగలంతా అది మా ఆడవాళ్ళ రాజ్యం. ఎండుమిరపకాయల తొడిమలు తీసేది అక్కడే. ఆవకాయ కలిపేదీ అక్కడే. వాన చినుకు పడితే వడియాల చాపలు లాక్కొచ్చేదీ అక్కడికే. సాయంత్రం నాలుగయ్యేసరికి స్తంభం పక్కన అత్తయ్యగారి కుర్చీ పడుతుంది, పక్కింటి పిన్నిగారు వస్తారు, ఎదురింటి కోడలు చంటిదాన్ని చంకనేసుకుని వస్తుంది. నేను రాసిన కథల్లో సగం ఆ కుర్చీ పక్కన విన్నవే.

మొదట వేసిన నేల ఎలాంటిదో చెబుతాను, మీ ఇంట్లోనూ అలాంటిదే ఉండొచ్చు. పునాది గుంటల్లోంచి తీసిన నల్లమట్టినే షెడ్డులో నింపేశారు. పైన రెండంగుళాల కాంక్రీటు పోసి, అద్దంలా మెరవాలని పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. రెండో ఏడు నుంచీ ఎంత ఊడ్చినా బూడిదలాంటి పొడి. మూడో ఏడు పగుళ్ళు. ఆ తర్వాత నడిమధ్య పళ్ళెంలా కుంగి, వానొస్తే నీళ్ళు నిలిచి, పాకుడు పట్టడం మొదలైంది. శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున ముగ్గు వేద్దామని దిగిన అత్తయ్యగారు ఆ పాకుడు మీదే జారారు.

"పైన పార్కింగు టైల్సు వేయించేద్దాం, పగుళ్ళు కనపడవు" అన్నారు మావారు. కనపడకపోతే లేనట్టేనా? మా పెదనాన్నగారి అబ్బాయి ప్రభుత్వ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. అన్నయ్యకి ఫోను చేస్తే, ముందు ఒక పని చెయ్యమన్నాడు. మూరెడు చదరం ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి మర్నాటి దాకా వదిలెయ్యమన్నాడు. మర్నాడు లేపి చూస్తే కాగితం అడుగున నీటి బొట్లు! పైనుంచి వాన పడలేదు. అంటే తడి కిందినుంచి వస్తోందన్నమాట. "ఇప్పుడు దాని మీద ఏం అంటించినా ఊడిపోతుంది. రంగు వేస్తే పొక్కులొస్తాయి. పగలగొట్టాల్సిందే" అన్నాడు అన్నయ్య.

రెండేళ్ళుగా గాజుల కోసమని చీటీ కడుతున్నాను. ఆ డబ్బు తీశాను. "నా చెయ్యి విరిగి నీ చేతికి గాజులు లేకుండా చేశానే" అని అత్తయ్యగారు కట్టు చెయ్యి చూపించి నొచ్చుకున్నారు. మావారికి అప్పటికే కర్నూలు బదిలీ అయింది. ఇక మేస్త్రీ, నేనూ, ఫోనులో అన్నయ్యా.

నల్లరేగడి గుణం మన జిల్లా వాళ్ళకి వేరే చెప్పాలా? తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఏటా ఊపిరి పీల్చి వదిలే ఆ మట్టి మీద రెండంగుళాల పలక నిలవమంటే ఎలా నిలుస్తుంది? సంక్రాంతి వెళ్ళాక పని మొదలుపెట్టాం. ఎండలు ముదరకముందు కాంక్రీటు పని చేసుకోవడం మేలు. వేడిగాలికి పైపొర తొందరగా ఎండి పగుళ్ళు తీస్తుంది. పాత నేల పగలగొట్టి, నల్లమట్టి రెండడుగుల లోతు తీయించి, గ్రావెల్ తోలించాం. ఒక్కసారిగా నింపెయ్యకుండా ఆరేసి అంగుళాలు పొయ్యడం, నీళ్ళు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ ఆరంగుళాలు. ఈ పనికి మూడు రోజులు పట్టింది. ఇరుగుపొరుగు "ఇంకా మట్టి దగ్గరే ఉన్నారా?" అని అడిగితే కొంచెం సిగ్గేసింది కూడా. కానీ నేల కుంగడం, కుంగకపోవడం తేలిపోయేది ఆ మూడు రోజుల్లోనే.

గ్రావెల్ మీద క్రషర్ పొడి పరిచి చదును చేసి, దాని మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టా పరిచాం. రెండు పట్టాలు కలిసేచోట ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కించాం. కింది తడి పైకి రాకుండా ఆపేది ఇదే. స్తంభాల చుట్టూ సన్నటి థర్మోకోలు పలకలు నిలబెట్టాం. మేస్త్రి నవ్వాడు, "ఇదేంటమ్మా, టీవీ పెట్టెలో వస్తుందే, అదా?" అని. స్తంభం పునాది మీద నిలబడుతుంది, నేల మట్టి మీద పడుకుంటుంది. రెండూ ఒక్కలా కదలవు. అతుక్కుని ఉంటే స్తంభం మూలలోంచే మొదటి పగులు మొదలవుతుంది. మా పాత నేలలో సరిగ్గా అక్కడే మొదలైంది.

8 ఎంఎం ఇనుప చువ్వలు ఎనిమిదంగుళాలకొకటి చొప్పున జల్లెడలా కట్టించాం. దాన్ని నేలకానించి పైన కాంక్రీటు పోసేస్తుంటారు. అలా అడుగున పడుకున్న ఇనుము పగుళ్ళని పట్టి ఉంచలేదు. కాంక్రీటు మందంలో సగానికి పైన ఉండాలి. కింద సిమెంటు బిళ్ళలు పెట్టి లేపించాను. పోసేటప్పుడు దాని మీద తొక్కకుండా చూడటానికి నేను స్టూలేసుకుని కూచోవలసి వచ్చింది.

అసలు యుద్ధం నీళ్ళ దగ్గర జరిగింది. మాది పదహారడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నాలుగంగుళాల మందానికి ఇంచుమించు 24 బస్తాల సిమెంటు పట్టింది. ఒక బస్తాకి ఇసుక పెట్టెలు ఒకటిన్నర, 20 ఎంఎం కంకర పెట్టెలు మూడు. పెట్టె అంటే 35 లీటర్లది, సరిగ్గా ఒక బస్తా సిమెంటు పట్టేంత. తట్టల లెక్కన వేస్తే ఒక తట్ట కుప్పగా, ఒక తట్ట బోడిగా పడుతుంది కాబట్టి చెక్కపెట్టె చేయించాను. ఇక నీళ్ళు. ఈ పాళ్ళకి బస్తాకి 30 లీటర్లు దాటకూడదని ఐ.ఎస్. 456 అనే మన దేశపు ప్రమాణాల పుస్తకమే చెబుతోంది. అన్నయ్య 25 దగ్గరే ఆగమన్నాడు. ఇసుక తడిగా ఉంటే ఇంకాస్త తగ్గించాలి. తడి ఇసుక పెట్టెలో పొంగి ఎక్కువ చోటు తీసుకుంటుంది కూడా, అది మరో చిక్కు.

రెండో మిక్సరుకే మేస్త్రి పైపు పట్టుకుని నీళ్ళు వదిలాడు. ఆపమన్నాను. "అమ్మగారూ, ముప్ఫయ్యేళ్ళ నుంచీ పోస్తన్నా. ఇంత గట్టిగా ఉంటే పని సాగదు. మీరు పైకెళ్ళి కాఫీ తాగండి" అన్నాడు. కథలు రాసేదానికి కోపం మాటల్లో రావాలి గానీ, నాకు గొంతు పెగల్లేదు. వెళ్ళి కుళాయి కట్టేశాను. అంతే. కాసేపు అందరూ నా వంక చూశారు. సిమెంటు గట్టిపడటానికి నిజంగా కావలసిన నీళ్ళు దాని బరువులో సుమారు పావు వంతే. మిగతావి కలపడానికి వీలు కోసం. ఎక్కువైన నీళ్ళు ఆవిరైపోయి లోపల సన్నసన్న బెజ్జాలు మిగులుస్తాయి. నేల బలం తగ్గేది, పొడి రాలేది అందుకే. ఇదంతా నేను అప్పుడు చెప్పలేకపోయాను. కొలత బొక్కెన మాత్రం నా కాళ్ళ దగ్గర పెట్టుకుని కూచున్నాను.

మధ్యాహ్నం అన్నాల వేళ తట్టలందించే ఒకావిడ నా పక్కన కూచుని మెల్లగా అంది: "నీళ్ళు ఎక్కువుంటే మాకు తేలికమ్మా. పారతో లాగితే వచ్చేస్తది. ఇట్టా గట్టిగా ఉంటే రెక్కలు పడిపోతున్నాయి." నేను ఆలోచించని మాట అది. నా నేల బలంగా రావడానికి ఖర్చయ్యేవి ఆమె భుజాలు! చేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం లేచి ఎర్రగా ఉంది. తడి సిమెంటు సున్నంలాగే ఒరుస్తుంది, ఒక్కోసారి కాలుస్తుంది కూడా. అప్పటికప్పుడు కొట్టుకి పంపించి రబ్బరు తొడుగులు తెప్పించాను. మరో ఇద్దరు కూలీల్ని పిలిపించమని మేస్త్రికి చెప్పాను. కాంక్రీటు సర్దే వైబ్రేటరు అద్దెకి తెచ్చాం. గాజుల డబ్బులో అనుకోని ఖర్చు అది. నిజానికి మొదటి లెక్కలోనే ఉండాల్సింది. మీరెవరైనా మేస్త్రితో బేరమాడేటప్పుడు తక్కువ నీళ్ళ కాంక్రీటు కావాలంటే, దానికి తగ్గ మనుషుల కూలీ కూడా ముందే ఒప్పుకోండి.

వాటం గేటు వైపుకి ఎనిమిది అడుగులకి అంగుళం ఇచ్చాం. పోశాక పైన నీళ్ళు తేలి మెరుస్తాయి. ఆ మెరుపు పోయేదాకా తాపీ పెట్టకూడదు. ఆ నీటినే లోపలికి రుద్దినా, పొడి సిమెంటు చల్లి పీల్పించినా పైపొర బలహీనమై పెచ్చులూడుతుంది. మెరుపు తగ్గాక చెక్కతాపీతో చదును చేసి, చివర్లో కొత్త చీపురుతో ఒకే దిక్కుగా లాగించాను. సన్నటి గీతలు పడ్డాయి. "ఎవరన్నా చూస్తే నాకు పని రాదనుకుంటారమ్మా" అన్నాడు మేస్త్రి పాపం. మర్నాడు పొద్దున్నే యంత్రంతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గాళ్ళు కోయించాం. మందంలో నాలుగో వంతు, అంటే అంగుళం లోతు. కాంక్రీటు ముడుచుకునేటప్పుడు ఎలాగూ పగులుతుంది. అదేదో మనం గీసిన గీతలోనే పగలనివ్వడం అన్నమాట. నాలుగంగుళాల నేలకి ఎనిమిది నుంచి పన్నెండు అడుగులకొక గాడి ఉండాలి.

కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని నేను నలభై ఏళ్ళు దగ్గరపడేదాకా నమ్మాను. కాదట. నీళ్ళు ఉంటేనే గట్టిపడుతుంది, ఆరితే ఆ పని ఆగిపోతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ రకం సిమెంటుకి కనీసం పది రోజులు తడి ఆరనివ్వకూడదు, ఎండాకాలమైతే పద్నాలుగు. తట్టలందించిన ఆవిడే చుట్టూ మట్టి గట్లు కట్టి, నీళ్ళు నిలబెట్టి, గోనె సంచులు పరిచి చూపించింది. పద్నాలుగు రోజులూ పొద్దునా సాయంత్రం నేనే నీళ్ళు పెట్టాను. అత్తయ్యగారు మెట్ల మీదనుంచి "అమ్మాయ్, ఆ మూల ఆరిపోతోంది" అని కేకేసేవారు. కారుని మాత్రం 28 రోజులు వీధిలోనే ఉంచాం.

సెల్లారు ఉన్నవాళ్ళకి ఒక్కమాట. హైదరాబాదులో మా చెల్లెలు వాళ్ళ అపార్టుమెంటు సెల్లారు 2020 అక్టోబరు వానలకి చెరువైపోయింది. అక్కడి నేల వీడీఎఫ్ పద్ధతిలో వేసింది. అంటే కాంక్రీటు పోశాక పైన చాపలు పరిచి, పంపుతో మిగులు నీళ్ళు లాగేసి, యంత్రంతో నునుపు చేస్తారు. నేల చెక్కు చెదరలేదు. కానీ ఎంత మంచి నేలైనా గోడలోంచి ఊరే నీటిని, ర్యాంపు మీద పారే నీటిని ఆపదు కదా. గోడలకి బయటివైపు నీరు ఊరని పూత మట్టి నింపకముందే వెయ్యాలి, ర్యాంపు మొదట్లో మిట్ట, చివర అడ్డకాలువ ఉండాలి, నీళ్ళు చేరే గుంట, దానికి పంపు, కరెంటు పోయినా ఆ పంపు నడిచే ఏర్పాటు ఉండాలి. వాళ్ళ కరెంటు మీటర్లన్నీ సెల్లారులోనే, మోకాలెత్తులో బిగించి ఉన్నాయి. ఇప్పుడు వాటిని పైకి మార్పించారు.

మా నేలకి రెండు వానాకాలాలు గడిచాయి. నీళ్ళు నిలవడం లేదు. ప్లాస్టిక్ కాగితం పరీక్ష మళ్ళీ చేశాను, పొడిగా వచ్చింది. గాడిలో సన్నటి పగులొకటి వచ్చింది, రావాల్సిన చోటే. పిల్లి అడుగులు గేటు పక్కన నాలుగు మిగిలిపోయాయి. పిల్లలు వాటిని చెరపనివ్వలేదు. అత్తయ్యగారి కుర్చీ మళ్ళీ స్తంభం పక్కకి వచ్చింది. ఆవిడకి ఒక్కటే ఫిర్యాదు. చీపురు గీతల్లో ముగ్గుపిండి ఇరుక్కుని నిన్నటి ముగ్గు ఇవాళ కూడా కనపడుతోందట.