తాళానికి చెవి, బీగానికి చెయ్యి

తెలుగువాళ్ళం తాళానికి చెవి పెట్టాం. కన్నడిగులు బీగానికి చెయ్యి పెట్టారు. మనం తాళంచెవి అనేదాన్నే వారు ‘బీగద కై’ అంటారు. సరిహద్దుకు ఈవల కాపురముంటున్న మన కుటుంబాలలో రెండు మాటలూ సమానంగానే పలుకుతాయి. ఈ మధ్య ఇళ్ళ తలుపులకు వచ్చి చేరుతున్న వేలిముద్ర తాళాలను చూస్తుంటే, పేరు పెట్టడంలో కన్నడిగులదే ముందుచూపు అనిపిస్తోంది. చెవి పోయింది, చెయ్యే మిగిలింది.

దూరాన ఉన్న పాఠకుల కోసం మా దొడ్డబళ్ళాపురం గురించి రెండు మాటలు. బెంగళూరుకు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, హిందూపురం మీదుగా ధర్మవరం వెళ్ళే రైలుమార్గంలో ఉంటుంది. పట్టుచీరెల ఊరు. ఆ చివర ధర్మవరంలో మగ్గాలు, ఈ చివర మా ఊళ్ళో మగ్గాలు. పడుగూ పేకా నమ్ముకొని బతికిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచిన తరువాత ఈ చుట్టుపక్కల లేఅవుట్లు పెరిగాయి. పాత వీధుల్లో ఇప్పటికీ పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. కొత్త వీధుల్లో సాయంత్రం ఆరు దాటితే తలుపు తాళాల ‘కీక్, కీక్’ వినిపిస్తుంది.

మా ఇంటి తలుపుకు ఈ తాళం పెట్టించి రెండేళ్ళు దాటింది. దానివల్ల కలిగిన సుఖాన్ని తక్కువ చేసి చెప్పను. రెండు చేతులా కూరగాయల సంచులతో వచ్చి, బొటనవేలు ఒక్కటి ఆనించి లోపలికి నడవడం అలవాటైనవారికి మళ్ళీ జేబులు తడుముకోబుద్ధి కాదు. బడి నుంచి వచ్చే పిల్లలు పక్కింటి గుమ్మంలో కూర్చునే అవసరం తప్పింది. అన్నిటికంటే పెద్ద లాభం యలహంక దాటాక తెలుస్తుంది. ‘ఇంటికి తాళం వేశామా, లేదా?’ అన్న ఆ పాత అనుమానం ఇప్పుడు రాదు. తలుపు మూస్తే చాలు, దానంతటదే పడుతుంది.

చిక్కు వచ్చింది మా అమ్మ దగ్గర. అమ్మ ధర్మవరంలో పుట్టి, ఈ ఊరి మగ్గాల ఇంటికి కోడలుగా వచ్చింది. తాళం బిగించడానికి వచ్చిన కుర్రవాడు అందరి వేళ్ళూ చకచకా ఎక్కించి, అమ్మ వేలి దగ్గర ఆగిపోయాడు. కుడి బొటనవేలు పట్టలేదు, చూపుడువేలు పట్టలేదు. ఎట్టకేలకు ఎడమచేతి ఉంగరపు వేలు పట్టింది. అదీ వారం రోజులే. తరువాత గుడికి వెళ్ళివచ్చినప్పుడల్లా ఎర్రదీపం. మా తాళానికి ఐదుసార్లు తప్పు వేలు తగిలితే కాసేపు ఎవరి మాటా వినదు. అమ్మ మెట్ల మీద కూర్చునేది. ఒకరోజు నేను వచ్చేసరికి అక్కడే ఉంది.

“నలభై ఏండ్లు ఈ వేళ్ళతోనే మీకు కూడు పెడితి గదరా. ఇప్పుడు నా ఇంటికే ఇవి పనికిరావంట” అంది. కోపంగా అనలేదు. అదే ఇబ్బంది.

వేళ్ళు ఎందుకు పనికిరావో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మగ్గం పని తెలిసినవారికి అసలు చెప్పనక్కరలేదు. ఒక పడుగు అయిపోయినప్పుడు దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా, బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. పట్టు మెత్తనిదే గాని, ఏళ్ళ తరబడి అదే చోట రాసుకుంటే వేలికొన మీది గీతలు అరిగిపోతాయి. వయసు దానికి తోడు. చర్మం సాగుడు తగ్గి, పొడిబారి, గీతల గట్లు పల్చబడతాయి. ఈ తాళాలలో ఎక్కువగా వాడే పలక వేలిని మనం కంటితో చూసినట్టు చూడదు. పలకకు తగిలే గట్టుకూ, తగలని పల్లానికీ మధ్య సూక్ష్మమైన విద్యుత్తు తేడాను కొలుస్తుంది. గట్లే అరిగిపోతే కొలవడానికి ఏముంటుంది? వేలు మరీ పొడిగా ఉన్నా, తడిగా ఉన్నా అంతే. మా ఊరి డిసెంబరు చలిలో పొద్దున్నే నా వేలినే ఒక్కోరోజు కాదంటుంది. అంట్లు తోమి చేతులు తుడుచుకొని వచ్చే పనిమనిషికి ఏ కాలంలోనైనా ఇదే తంతు.

ఇది మా ఒక్క ఇంటి తలుపు సంగతి కాదు. 2010లో ఆధార్ నమోదు మొదలైనప్పుడు పది వేళ్ళతో సరిపెట్టకుండా కనుపాపల చిత్రం కూడా తీసుకోవడానికి ఒక కారణం, కాయకష్టం చేసేవారి వేలిముద్రలు అరిగి ఉంటాయన్న ఎరుకే. రేషన్ దుకాణాల దగ్గర యంత్రం వేలు పట్టక ముసలివారు మళ్ళీ మళ్ళీ నొక్కడం మనలో చాలామంది చూసిందే. ఎవరు చేతులతో ఎక్కువ పని చేశారో వారినే యంత్రం గుర్తుపట్టదు. కంప్యూటరు ముందు కూర్చునే నా వేలు మాత్రం దానికి మహా ఇష్టం.

ఇంకో విచిత్రం. మన పెద్దల కాలంలో వేలిముద్ర అంటే చదువు రానివారి గుర్తు. ‘నిశానీ’ అనేవారు. కాగితం మీద వేలు వేయించుకొని పొలాలు రాయించుకున్న షావుకార్ల కథలు మనం వింటూ పెరిగాం. అసలు ఈ పద్ధతి మన దేశంలో ప్రభుత్వ వ్యవహారాల్లోకి వచ్చిందీ అనుమానంతోనే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు కంకర సరఫరాకు ఒప్పుకున్న రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ‘ఆ సంతకం నాది కాదు’ అనకుండా భయపెట్టడానికి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ఆ ముద్రలను వర్గీకరించే పద్ధతి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధి కెక్కినా, అందులో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల శ్రమ ఎంతో ఉంది. వేలు వేయడం నామోషీ అని పలకా బలపం పట్టి సంతకం నేర్చుకున్న తరం మా అమ్మది. ఆ తరాన్ని మళ్ళీ వేలు వేయమంటున్నాం. పైగా సరిగా వేయలేదని తిప్పి పంపుతున్నాం.

తాళపుచెవుల గుత్తి సంగతి కూడా చెప్పుకోవాలి. అత్తగారి నడుముకు వేలాడే ఆ గుత్తి ఉత్త ఇనుము కాదు, ఇంటి పెత్తనం. అది చేతులు మారిన రోజు కోడలికి గుర్తుండిపోయేది. కొత్త తాళంలో ఆ పెత్తనం ‘అడ్మిన్’ అనే మాటలోకి వెళ్ళింది. ఎవరి వేలు చేర్చాలో, ఎవరిది తీసెయ్యాలో ఆ ఒక్కరి ఫోనులో ఉంటుంది. చాలా ఇళ్ళలో ఆ ఒక్కరు కొడుకో, అల్లుడో. ఇంటిని కట్టిన పెద్దావిడ ‘యూజర్ మూడు’. ఫోనుతో కలిపే తాళాలైతే ఎవరు ఎన్నింటికి వచ్చారో లెక్క కూడా రాసిపెడతాయి. కాలేజీకి వెళ్ళే అమ్మాయి పది నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసులో కూర్చున్న తండ్రికి తెలిసిపోతుంది. భద్రత అంటారు. నాకు మాత్రం గుమ్మం దగ్గర గుమాస్తాను కూర్చోబెట్టినట్టుంటుంది. మా ఇంట్లో ఆ కబుర్లు ఫోనుకు రాకుండా ఆపేశాం.

దొంగల మాట అడిగేవారికి ఒక సంగతి. చాలా తాళాలు వేలి బొమ్మను యథాతథంగా దాచుకోవు. గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అన్న పటాన్ని మాత్రమే దాచుకుంటాయి. కాబట్టి తాళం నుంచి ముద్ర పోతుందన్న భయం కొంత తక్కువే. ముద్ర మరోచోట పోవచ్చు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వాటితో సిమ్‌కార్డులు యాక్టివేట్ చేసిన వ్యవహారం బయటపడింది. 2023లో బెంగళూరులోనూ, ఆస్తి రిజిస్ట్రేషన్ చేయించుకున్న కొందరి బ్యాంకు ఖాతాల నుంచి వారి వేలిముద్రలతోనే డబ్బు పోయింది. ఇనుప తాళంచెవి పోతే తాళం మారుస్తాం. వేలిని ఎక్కడ మారుస్తాం? అందుకే ఆధార్‌లో మన వేలిముద్రలకు కూడా తాళం వేసుకునే సదుపాయం ఉంది. అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు. ఇంటి తలుపుకు వేలిముద్ర తాళం పెట్టించుకునేవారు ముందు ఆ పని చేసుకుంటే మంచిది.

కొనేటప్పుడు మరికొన్ని చూసుకోండి. వేలు ఒక్కటే కాక అంకెలూ, కార్డూ, మామూలు తాళంచెవీ కూడా ఉన్నదే తీసుకోండి. ఆ తాళంచెవిని బీరువాలో పెట్టి తలుపు మూస్తే ప్రయోజనం లేదు, ఒకటి నమ్మకమైన ఇంట్లో ఉంచాలి. మాది ఎదురింటి కన్నడ కుటుంబం దగ్గర ఉంది. లోపలి సెల్స్ అయిపోయే ముందు తాళం కూస్తుంది. ఆ కూతను పట్టించుకోకపోతే బయట నుంచి కరెంటు అందించే చోటు ఎక్కడుందో అయినా తెలిసుండాలి. ప్రతివారివీ కనీసం రెండు వేళ్ళు, రెండు చేతులవీ ఎక్కించండి. పెద్దవారివి ఎక్కించే ముందు కాస్త కొబ్బరినూనె రాసి, బాగా తుడిచి, ఒకే వేలిని రెండు మూడుసార్లు వేర్వేరు పేర్లతో ఎక్కిస్తే కొంత నయం.

అమ్మకు మాత్రం ఇవేవీ నచ్చలేదు. కార్డు ఇస్తే, “ఇది రేషన్ కార్డు మాదిరి ఉంది” అని పక్కన పెట్టింది. చివరికి అంకెలకు ఒప్పుకుంది. పుట్టిన సంవత్సరం వద్దని చెప్పాను. “నాకు ఆ మాత్రం తెలీదేమిరా” అని, నన్ను అటు తిరగమని, ఆరంకెలు తనే నొక్కి పెట్టుకుంది. అవేమిటో ఇంతవరకూ నాకు చెప్పలేదు. మనవరాలికి చెప్పినట్టుంది.