నాలుగు లీటర్ల బీరు, ఒక థర్మామీటరు

బార్లీ గింజలో చక్కెర దాదాపు ఉండదు, ఉన్నదంతా పిండే. ఈస్టుకేమో పిండి అరగదు, చక్కెరే కావాలి. బీరు తయారీలో సగం పని ఈ పేచీని తీర్చడమే. కల్లుకు ఈ ఇబ్బంది లేదు. తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో కారే నీరాలోనే చక్కెర ఉంటుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు దాన్ని వెంటనే అందుకుంటుంది. లొట్టి చెట్టు దిగేసరికే పులవడం మొదలై ఉంటుంది. గింజతో చేసే పానీయానికి మాత్రం ముందు పిండిని చక్కెరగా మార్చుకోవాలి. అలా మార్చే శక్తి గింజలోనే ఉంది. గింజ మొలకెత్తితే అది బయటికొస్తుంది.

రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టించడం మన ఇళ్ళలో తెలిసిన పనే. ఆ పిండితో కాచిన జావ మామూలు రాగిజావ కన్నా పలచగా, కాస్త తియ్యగా ఉంటుంది. మొలకెత్తే గింజ తనలోని పిండిని కరిగించుకుని ఎదగడానికి ఎంజైములను తయారు చేసుకుంటుంది. జావ పలచబడేది వాటివల్లే. బార్లీని కూడా ఇలాగే మొలకెత్తించి, మొలక ఎదిగిపోకముందే వేడిగాలితో ఆరబెడతారు. అదే మాల్ట్. ఎదుగుదల ఆగుతుంది కానీ ఎంజైములు చావవు, నిద్రపోతాయి. వాటిని మళ్ళీ లేపడానికి వేడినీళ్ళు కావాలి. ఎంత వేడి అన్నదే అసలు ప్రశ్న. బీరు రుచిని సామగ్రి కన్నా ఎక్కువగా ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుందన్నది నా గట్టి నమ్మకం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఖరీదైన గిన్నెల కన్నా ముందు మంచి థర్మామీటరు కొనుక్కోవాలి.

వివరాల్లోకి వెళ్ళేముందు చట్టం సంగతి చెప్పాలి. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడాన్ని 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం నిషేధిస్తుంది. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో వంటింట్లో బీరు కాయకూడదు. అక్కడి పాఠకులకు ఈ వ్యాసం తెలుసుకోవడానికే. హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో అద్దాల వెనక కనిపించే స్టీలు ట్యాంకుల్లో జరిగేదీ ఇదే పని. చేసి చూడాలనుకునేవాళ్ళు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్నవాళ్ళు, నిశ్చింతగా చేసుకోవచ్చు. అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసినా ఇంట్లో బీరు కాయడానికి మాత్రం చాలాకాలం అనుమతి రాలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి ఆ తలుపు తెరిచింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాలు తమ చట్టాలు తాము చేసుకున్నాయి. చిట్టచివర 2013లో మిసిసిపీ, అలబామా ఒప్పుకున్నాయి.

ఆ చట్టం వచ్చేనాటికి అమెరికాలో బీరు కర్మాగారాలు వందకు లోపే ఉన్నాయి. ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. ఈ మార్పులో వంటింటి పాత్ర చిన్నది కాదు. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో ఇంట్లో బీరు కాచేవాళ్ళకు సామగ్రి అమ్ముతూ ఉండిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెరా నెవాడా కంపెనీని నిలబెట్టాడు. కొలరాడోలోని బోల్డర్‌లో జనానికి బీరు కాయడం నేర్పిన చార్లీ పపాజియన్ 1984లో అచ్చువేసిన పుస్తకం ఒక తరానికి పాఠ్యపుస్తకమైంది.

అప్పటినుంచీ అక్కడ ఇంటి బీరుకు వాడుకలో ఉన్న కొలత 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. కొత్తవాళ్ళకు అది ఎక్కువని నా అభిప్రాయం. అంత నీరు మరిగించాలంటే వంటింటి పొయ్యి చాలదు, చల్లార్చడానికి రాగి గొట్టాల చుట్ట కావాలి, రుచి కుదరకపోతే యాభై సీసాలు పారబోయాలి. నాలుగు లీటర్లయితే సాంబారు గిన్నె చాలు. ఒక సాయంత్రంలో పని ముగుస్తుంది. ఏడాదిలో రెండుసార్లు ఎక్కువగా కాచేవాళ్ళ కన్నా నెలకోసారి కొద్దిగా కాచేవాళ్ళకే చెయ్యి తొందరగా తిరుగుతుంది.

నాలుగు లీటర్లకు 900 గ్రాముల లేత రంగు మాల్ట్ కావాలి. కొట్లోనే బరకగా పట్టించుకోవాలి, మెత్తగా కాదు. ఏడు లీటర్లకు మించి పట్టే గిన్నెలో ఆరు లీటర్ల పైచిలుకు నీళ్ళు 70 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, గుడ్డసంచిలో పోసిన మాల్టును అందులో ముంచితే గిన్నె వేడి 67 దగ్గర నిలబడుతుంది. మూతపెట్టి గంటసేపు ఉంచాలి. గింజలో రెండు రకాల ఎంజైములు పనిచేస్తాయి. బీటా ఎమైలేజ్‌కు 60 నుంచి 65 డిగ్రీల మధ్య బాగుంటుంది. అది పిండిని పూర్తిగా ఈస్టు తినగలిగే చక్కెరగా మారుస్తుంది. ఆల్ఫా ఎమైలేజ్‌కు 70 దగ్గర ఊపు ఎక్కువ. పిండి గొలుసులను ఎక్కడపడితే అక్కడ తెంచుతుంది కాబట్టి ఈస్టు తినలేని తునకలు కొన్ని మిగిలిపోతాయి. 63 దగ్గర ఉంచిన మాల్ట్‌తో చేసిన బీరు పలచగా, తీపి లేకుండా వస్తుంది. 69 దగ్గర ఉంచితే చిక్కగా, నోరు నింపేలా వస్తుంది. గింజ అదే, నీళ్ళు అవే. ఆరు డిగ్రీల తేడాతో రెండు వేరు పానీయాలు.

చిన్న గిన్నెకు ఇక్కడో బలహీనత ఉంది. పరిమాణం తగ్గేకొద్దీ లోపలి నీటితో పోలిస్తే బయటి ఉపరితలం పెరుగుతుంది కాబట్టి వేడి త్వరగా జారిపోతుంది. ఇరవై లీటర్ల గిన్నె గంటలో ఒకటి రెండు డిగ్రీలు కోల్పోయే చోట చిన్న గిన్నె ఇంకా ఎక్కువ కోల్పోతుంది. కంబళి చుట్టినా, కాస్త వెచ్చచేసి ఆపేసిన ఓవెన్‌లో పెట్టినా సరిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి థర్మామీటరు ముంచి చూసుకోవాలి.

నీళ్ళ గురించి ఒక జాగ్రత్త. అమెరికాలో చాలా ఊళ్ళు కుళాయి నీటిలో క్లోరమైన్ కలుపుతాయి. మరిగించినంత మాత్రాన అది తేలికగా పోదు. మాల్ట్‌లోని పదార్థాలతో కలిస్తే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది. క్యామ్డెన్ టాబ్లెట్ అనే మెటాబైసల్ఫైట్ బిళ్ళలో చిన్న ముక్క వేస్తే పోతుంది.

గంట తర్వాత సంచి ఎత్తి పిండేస్తే గిన్నెలో మిగిలేది తియ్యటి గోధుమరంగు నీళ్ళు. దాన్ని వోర్ట్ అంటారు. వోర్ట్‌ను గంటసేపు తెర్లించాలి. హాప్స్ అనే తీగ పూలను ఈ దశలోనే వేస్తారు. ఆల్ఫా ఆమ్లం 5 శాతం ఉన్న హాప్స్ మొదట్లోనే పది గ్రాములు వేస్తే సరిపడా చేదు వస్తుంది. ఆ ఆమ్లం పచ్చిగా ఉన్నప్పుడు నీటిలో సరిగా కరగదు, చేదూ ఇవ్వదు. మరుగులో దాని అణువు ఆకారం మారాకే చేదు దిగుతుంది, అందుకే గంట పడుతుంది. చివరి ఐదు నిమిషాల్లో వేసిన పూలు చేదు ఇవ్వవు, వాసన ఇస్తాయి. చేదు కోసమే కాదు, కొన్ని రకాల బాక్టీరియాను పెరగనీయకపోవడం కూడా హాప్స్ చేసే మేలు. జర్మనీలోని బవేరియాలో 1516లో వచ్చిన ప్రసిద్ధ శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేమీ ఉండకూడదంది. అందులో ఈస్టు పేరు లేదు, ఎందుకంటే అలాంటి జీవి ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

మరిగేటప్పుడు ఆవిరయ్యేది కూడా చిన్న గిన్నెలో ఎక్కువ లెక్కకొస్తుంది. గంటలో లీటరున్నర పోయిందంటే దాదాపు నాలుగోవంతు పోయినట్టే. అందుకే మొదట నీళ్ళు ఎక్కువ పోసేది.

పొయ్యి ఆపిన క్షణం నుంచి పద్ధతి మారాలి. అప్పటిదాకా ఏ సూక్ష్మజీవి పడినా మరుగులో చస్తుంది. ఇక మీదట ఏది తాకినా బతుకుతుంది. వోర్ట్‌లో చక్కెర, ప్రోటీను, వెచ్చదనం అన్నీ ఉన్నాయి, బాక్టీరియాకు అది విందుభోజనం. అందుకే వీలైనంత త్వరగా 20 డిగ్రీలకు దింపి ఈస్టు వెయ్యాలి. చిన్న గిన్నె ఇక్కడ గెలుస్తుంది. సింకులో ఐసు నీళ్ళు నింపి గిన్నె పెడితే అరగంటలో పని అవుతుంది. సీసా, గరాటు, మూత, థర్మామీటరు, చేతులు అన్నీ ముందే శుభ్రం కావాలి. కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు. ముందు మురికి పోయేలా తోమాలి, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన శానిటైజర్‌ను చెప్పిన పాళ్ళలో నీటిలో కలిపి ముంచాలి. మురికి మీద శానిటైజర్ పోస్తే మురికి కింద క్రిములు క్షేమంగా ఉంటాయి.

చల్లారిన వోర్ట్‌ను ఐదు లీటర్లకు మించి పట్టే గాజు జాడీలో పోసి బాగా కుదపాలి. ఈస్టు మొదట్లో ఎదగడానికి గాలి కావాలి. పదకొండు గ్రాముల పొడి ఈస్టు పొట్లంలో మూడోవంతు ఈ పరిమాణానికి చాలు. గాలి లోపలికి రాకుండా, లోపలి వాయువు మాత్రం బయటికి పోయేలా నీటి అడ్డు ఉండే ఎయిర్‌లాక్ బిగించి చీకటి మూల పెట్టాలి. వెలుతురు తగిలితే హాప్స్ పదార్థాలు విరిగి దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే.

మరునాటికి పైన మందమైన నురగ కడుతుంది, ఎయిర్‌లాక్ బుడబుడమంటుంది. ఈస్టు చక్కెరను దాదాపు సమానమైన బరువుల్లో ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా చీలుస్తోంది. ఈ దశలోనే ఉష్ణోగ్రత అన్నిటికన్నా ఎక్కువ లెక్క. ఎయిల్ రకం ఈస్టుకు 18 నుంచి 21 డిగ్రీలు బాగుంటుంది. 25 దాటితే పని త్వరగా ముగుస్తుంది కానీ గొంతులో మండే బరువైన ఆల్కహాళ్ళు, అవసరం లేని పండ్ల వాసనలు చేరతాయి. డాలస్ ఎండాకాలంలో ఇంట్లో గది 26 దగ్గరుంటే జాడీని నీళ్ళ తొట్టిలో నిలబెట్టి, రోజుకు రెండుసార్లు గడ్డకట్టిన నీళ్ళసీసా వెయ్యడం సులువైన మార్గం. లాగర్ అనే మరో రకం బీరుకు 8 నుంచి 13 డిగ్రీలు వారాలపాటు కావాలి. దానికి ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్ ఉన్నప్పుడే దాని జోలికి వెళ్ళాలి.

పులవడం ముగిసిందో లేదో బుడగలు చూసి చెప్పలేం, కొలవాలి. ద్రవం సాంద్రతను చూపే హైడ్రోమీటరు మొదటి రోజు 1.050 చూపించి, రెండు వారాల తర్వాత 1.010 చూపిస్తే ఆ రెంటి తేడాను 131.25తో గుణిస్తే 5.25 వస్తుంది. అదే ఆల్కహాలు శాతం. మూడు రోజుల ఎడంతో రెండుసార్లు కొలిచినా అంకె మారకపోతే సీసాల్లో నింపొచ్చు. ప్రతి కొలతకూ సుమారు వంద మిల్లీలీటర్లు పోతుంది, నాలుగు లీటర్లలో అది నష్టమే. అయినా కొలత మానకూడదు. ప్రాణం మీదికొచ్చే పొరపాటు ఈ పనిలో ఒక్కటే ఉంది, అది ఇక్కడే జరుగుతుంది. చక్కెర ఇంకా మిగిలుండగా మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి సీసా పేలుతుంది. గాజు ముక్కలు గదంతా చిమ్ముతాయి. బీరు కోసం తయారైన మందపాటి సీసాలే వాడాలి. గ్యాసు పుట్టడానికి మొత్తం నాలుగు లీటర్లకు 25 గ్రాముల పంచదార, వేడినీళ్ళలో కరిగించి కలపాలి. కంటిచూపుతో కాదు, తూకంతో. కలిపేటప్పుడు గొట్టంతో నెమ్మదిగా పొయ్యాలి. మొదట్లో ఈస్టుకు మేలు చేసిన గాలే ఇప్పుడు బీరుకు తడిసిన అట్ట వాసన తెస్తుంది.

ఇది విన్న మనవాళ్ళు మొదట అడిగేది, కళ్ళు పోతాయా అని. కల్తీసారా చావుల వార్తలు చదివిన మనకు ఆ భయం సహజం. ఆ చావులకు కారణం చాలాసార్లు మిథనాల్, అదీ ఎవరో బయటనుంచి కలిపిన పారిశ్రామిక మిథనాల్. పులిసినప్పుడు మిథనాల్ ప్రధానంగా పండ్లలోని పెక్టిన్ నుంచి పుడుతుంది, బార్లీలో పెక్టిన్ చాలా తక్కువ. పైగా బీరును సారాలాగా బట్టీ పెట్టి తియ్యరు. ఇంట్లో బట్టీ పెట్టి సారా తియ్యడం అమెరికాలోనూ ఫెడరల్ చట్టం కింద నేరమే. బీరును చెడగొట్టే బాక్టీరియా పులుపునూ కంపునూ తేవచ్చు. కానీ పులిసిన బీరులోని ఆమ్లం, ఆల్కహాలు, హాప్స్ కలిసి రోగాలు తెచ్చే క్రిములను పెరగనీయవు.

సీసాలు గది వేడిలో రెండు వారాలు ఉంటే అడుగున పలచటి మడ్డి పేరుకుని బీరు తేరుకుంటుంది. ఒకరోజు ఫ్రిజ్‌లో పెట్టి, మడ్డి కదలకుండా గ్లాసులోకి వంపుకోవాలి.

రెండోసారి కాచేటప్పుడు కొత్త రకం వెతుక్కోవద్దు. అదే మాల్ట్, అవే హాప్స్, అదే ఈస్టు. చల్లారిన వోర్ట్‌ను రెండు లీటర్ల చొప్పున రెండు జాడీల్లో సగం ఖాళీ ఉండేలా పోసి, ఒకటి 18 డిగ్రీల దగ్గర, ఒకటి 25 దగ్గర పెట్టండి. సీసాల మీద తేదీ, ఉష్ణోగ్రత రాసి ఉంచండి. నెల తర్వాత రెండూ పక్కపక్కన తాగితే, ఒకటి శుభ్రంగా మాల్ట్ రుచితో, మరొకటి పండ్ల వాసనతో కాస్త ఘాటుగా ఉంటాయి. పెద్ద గిన్నెలో ఒకేసారి ఇరవై లీటర్లు కాచేవాళ్ళకు ఈ పోలిక ఇంత తేలిగ్గా దొరకదు.