వైద్య గంజాయి గృహాంతర సాగు: వృక్షశాస్త్రం, చట్టం, మూడు జిల్లాల వాస్తవం

వ్యాససంగ్రహం:
గంజాయి మొక్కకు వైద్యపరమైన ఉపయోగాలు ఉన్నాయన్న వార్తలు విస్తరించిన కొద్దీ, ఆ మొక్కను ఇంట్లో పెంచుకోవచ్చన్న అపోహ కూడా విస్తరిస్తున్నది. అనుమతి ఉన్న దేశాలలో వైద్య గంజాయిని గదులలో ఎందుకు పెంచుతారు, ఆ తోట నిర్వహణలోని శాస్త్రీయ సూత్రాలేమిటి, భారతీయ చట్టం దానిని ఎలా చూస్తుంది, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సందర్భంలో ఈ విషయానికి ఉన్న ప్రాధాన్యమేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మొక్కను మందుగా మార్చేది గది కాదని, ప్రమాణీకరణ, జవాబుదారీతనం అనే రెండు వ్యవస్థలని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: గంజాయి, కన్నాబినాయిడ్లు, కాంతికాలావధి, మాదకద్రవ్యాల చట్టం 1985, ప్రమాణీకరణ, ఔషధ మొక్కలు.

1. ప్రవేశిక:
2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని 1961 నాటి ఏక ఒడంబడికలోని నాలుగవ షెడ్యూలు నుంచి తొలగించింది. 27 దేశాలు అనుకూలంగా, 25 దేశాలు ప్రతికూలంగా ఓటు వేశాయి. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఈ వార్త సామాజిక మాధ్యమాలలో ‘గంజాయిపై నిషేధం ఎత్తివేశారు’ అన్న రూపం దాల్చింది. వాస్తవానికి గంజాయి అదే ఒడంబడిక మొదటి షెడ్యూలులో యథాతథంగా కొనసాగుతున్నది. దాని వైద్య ప్రయోజనాన్ని గుర్తించే అవకాశం మాత్రమే పెరిగింది, నియంత్రణ తొలగలేదు.

ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడం వల్ల నష్టపోయేది ఎవరు? నగరాలలో వ్యాసాలు చదివేవారి కన్నా, భూమి, కూలి తప్ప మరో ఆధారం లేని గ్రామీణ, గిరిజన యువకులే ఎక్కువగా నష్టపోతారు. అందువల్ల ఈ విషయాన్ని మాతృభాషలో, శాస్త్ర దృష్టితో వివరించవలసిన అవసరం ఉన్నది.

2. మొక్కకూ మందుకూ మధ్య దూరం:
గంజాయి ఆడ, మగ పుష్పాలను వేర్వేరు మొక్కలపై పూచే ఏకవార్షిక మొక్క. ఆడ పూగుత్తులపై ఉండే గ్రంథి కేశాలలో జిగురు పదార్థం ఊరుతుంది. కన్నాబినాయిడ్లు అనే రసాయనాలు ప్రధానంగా ఇందులోనే ఉంటాయి. వాటిలో టీహెచ్‌సీ మత్తును కలిగిస్తుంది. సీబీడీ అటువంటి మత్తును కలిగించదు. టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెకూలమ్, యెహియెల్ గావోని శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణాన్ని వెల్లడించారు. అంతకు ఒక శతాబ్దం ముందే, 1839లో, కలకత్తాలో విలియం బ్రూక్ ఓషాఘ్నెస్సీ ఈ మొక్క ఔషధగుణాలపై తన ప్రయోగాలను పాశ్చాత్య వైద్యలోకానికి తెలియజేశాడు. ఆయుర్వేదంలో ‘విజయ’, ‘భంగ’ అనే పేర్లతో ఇది పూర్వమే పరిచితం. అయితే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింది నియమావళిలో భంగ విషద్రవ్యాల జాబితా అయిన షెడ్యూలు ఇ-1లో ఉన్నది. అటువంటి ద్రవ్యాలు ఉన్న మందును వైద్య పర్యవేక్షణలోనే వాడాలని పొట్లంపై హెచ్చరిక ముద్రించాలి.

ఆధునిక వైద్యంలో దీని స్థానం పరిమితమైనది, స్పష్టమైనది. మొక్క నుంచి తీసిన సీబీడీతో తయారైన ఎపిడయోలెక్స్‌ను 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. లెనాక్స్-గాస్టాట్, డ్రావెట్ అనే రెండు తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు ఆ ఆమోదం లభించింది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఆమోదం పొందినది గంజాయి ఆకు కాదు, పూగుత్తి కాదు. ప్రతి మిల్లీలీటరులో ఎంత సీబీడీ ఉన్నదో తెలిసిన ద్రావణానికి ఆ ఆమోదం లభించింది. ఒకే గింజసంచి నుంచి వచ్చిన రెండు మొక్కలలో కన్నాబినాయిడ్ల పాళ్లు వేరుగా ఉండవచ్చు. మూర్ఛతో బాధపడే బిడ్డకు ఈ వారం ఒక మోతాదు, వచ్చే వారం మరో మోతాదు అందితే దానిని వైద్యం అనలేము. గదిసాగు ఆలోచనకు మూలం ఈ సమస్యలోనే ఉన్నది.

3. గదిలో ఎందుకు పెంచుతారు?
నెదర్లాండ్స్‌లో 2003 సెప్టెంబరు నుంచి వైద్యుని చీటీపై మందుల దుకాణాలలో వైద్య గంజాయి లభిస్తున్నది. దానిని ప్రభుత్వ ఒప్పందంపై బెడ్రోకాన్ అనే సంస్థ గదులలో పెంచుతుంది. అక్కడ పంట మొత్తాన్ని కొనేది ప్రభుత్వ కార్యాలయమే. సాగుదారుకు బహిరంగ విపణి లేదు. ఈ ఏర్పాటు 1961 ఒడంబడిక 28వ అధికరణానికి అనుగుణమైనది. నల్లమందు సాగుకు విధించిన ప్రభుత్వ నియంత్రణనే గంజాయి సాగుకూ ఆ అధికరణం విధిస్తుంది.

గదిసాగుకు గల శాస్త్రీయ కారణాలు మూడు.

మొదటిది వెలుతురు. గంజాయి హ్రస్వదీప్తికాల మొక్క. రాత్రి నిడివి పెరిగినప్పుడు పూతకు వస్తుంది. గదిలో పగలు, రాత్రి నిడివిని మనిషే నిర్ణయిస్తాడు కనుక ఏడాది పొడవునా ఒకే దశలో, ఒకే తీరులో పూత తీసుకురావచ్చు. ఈ అంశం మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. మన మూడు జిల్లాలు స్థూలంగా 17, 19 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. ఇక్కడ సంవత్సరంలో అతి దీర్ఘమైన పగలు కూడా 13 గంటలను కొద్దిగా మాత్రమే దాటుతుంది. ఉత్తరాది శీతల దేశాలలో రూపొందిన వైద్య రకాలను ఇక్కడ ఆరుబయట నాటితే తగినంత ఎదగకుండానే పూతకు వచ్చే అవకాశం ఉన్నది. విదేశీ రకాల ఫలితాలను మన వాతావరణానికి నేరుగా అన్వయించలేమని చెప్పడానికి ఇది ఒక్కటే చాలు.

రెండవది జన్యు ఏకరూపత. విత్తనంతో కాక, ఎంపిక చేసిన తల్లిమొక్క కొమ్మల ముక్కలతో కొత్త మొక్కలను పెంచుతారు. అవన్నీ ఆడమొక్కలే అవుతాయి, రసాయన స్వభావమూ దాదాపు ఒకటిగా ఉంటుంది. పుప్పొడి సోకితే ఆడమొక్క శక్తి గింజలకు మళ్లుతుంది కనుక మగమొక్కలను, బయటి పుప్పొడిని దూరంగా ఉంచుతారు.

మూడవది పరిశుభ్రత. గంజాయి మొక్క నేలలోని భార లోహాలను పీల్చుకునే స్వభావం కలది. పురుగుమందుల అవశేషాలు దాని జిగురులో నిలుస్తాయి. దట్టమైన పూగుత్తులలో తేమ చేరితే బూజు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గిన క్యాన్సర్ రోగికి ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రం ప్రాణాంతకం కావచ్చు. అందుకే శుద్ధమైన నీరు, పరీక్షించిన పెంపక మాధ్యమం, తేమ నియంత్రణ, గాలి వడపోత తప్పనిసరి అవుతాయి.

4. నిర్వహణ: తోట కన్నా దస్తరమే పెద్దది:
ఔషధ మొక్కల సాగు, సేకరణలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో మార్గదర్శకాలు వెలువరించింది. వాటి సారాంశం ఇది: మొక్క గుర్తింపు మొదలు ఎండబెట్టి నిల్వచేసే వరకు ప్రతి దశ నమోదు కావాలి. వైద్య గంజాయి తోటలో ఈ సూత్రం మరింత కఠినమవుతుంది. ప్రతి మొక్కకు సంఖ్య ఉంటుంది. చనిపోయిన మొక్క, కత్తిరించిన ఆకు, తూకంలో తగ్గిన తడి, అన్నింటికీ లెక్క చెప్పాలి. కోత తరువాత ప్రతి విడత నుంచి నమూనా ప్రయోగశాలకు వెళుతుంది. కన్నాబినాయిడ్ల పాళ్లు, భార లోహాలు, సూక్ష్మజీవులు, పురుగుమందుల అవశేషాలు నిర్ణీత పరిమితిలో లేకపోతే ఆ విడత మొత్తం ధ్వంసమవుతుంది. ధ్వంసానికీ సాక్షులు, సంతకాలు ఉండాలి.

గదిసాగుకు మరో మూల్యం విద్యుత్తు. 2021లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో గదిలో పండించిన ఒక కిలో ఎండు పూగుత్తికి ప్రాంతాన్ని బట్టి 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలు వెలువడుతున్నాయి. దీపాల కన్నా గాలిని చల్లబరచడం, తేమ తీయడం వంటి పనులదే ఇందులో పెద్ద వాటా. వేసవిలో 40 డిగ్రీలు దాటే జనగామ మెట్టప్రాంతంలోనో, వానాకాలపు తేమ నిండిన భూపాలపల్లి అటవీ ప్రాంతంలోనో ఈ భారం తక్కువగా ఉండదు. చెల్పూరులో బొగ్గుతో నడిచే 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్న జిల్లాలో ఈ లెక్క అర్థం ఇంకా స్పష్టం. ఎపిడయోలెక్స్ కోసం ఇంగ్లండులో ఎంచుకున్నది కూడా మూసిన గది కాదు. అంతకు ముందు టమాట పండించిన ఒక గాజుగృహంలో సూర్యకాంతిని వినియోగిస్తూ ఆ మొక్కలను పెంచారు.

5. భారతీయ చట్టం దృష్టి:
మాదకద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల చట్టం 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. దానిలోని ఈ కింది అంశాలు ప్రతి అధ్యాపకుడూ తెలుసుకోదగినవి.

(అ) 8వ సెక్షన్ ఏ గంజాయి మొక్కనైనా సాగుచేయడాన్ని నిషేధిస్తుంది. వైద్య, శాస్త్రీయ ప్రయోజనాలకు, చట్టం, నియమాలు, లైసెన్సు అనుమతించిన మేరకు మాత్రమే మినహాయింపు ఉన్నది. 10వ సెక్షన్ ఆ అనుమతి, నియంత్రణ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తుంది.

(ఆ) నార, గింజ, ఉద్యాన ప్రయోజనాలకు ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా సాగును అనుమతించే వీలును 14వ సెక్షన్ కల్పిస్తుంది. ‘ఉద్యాన’ అన్న మాటను చూసి పెరటితోట అని భావించరాదు. ప్రభుత్వ ఉత్తర్వు లేనిదే ఆ మినహాయింపు లేదు.

(ఇ) 20వ సెక్షన్ ప్రకారం అక్రమ సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. గంజాయి కలిగి ఉండడంలో కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అన్న తారతమ్యం ఉన్నది. సాగుకు ఆ తారతమ్యం లేదు. కుండీలోని ఒక్క మొక్క కూడా సాగే.

(ఈ) తన భూమిలో అక్రమంగా సాగవుతున్న గంజాయి గురించి వెంటనే తెలియజేసే బాధ్యతను 46వ సెక్షన్ భూయజమానిపై, 47వ సెక్షన్ సర్పంచి సహా గ్రామాధికారులపై మోపుతున్నాయి. గది అద్దెకిచ్చిన యజమాని, కౌలుకిచ్చిన రైతు కూడా ఈ విషయాన్ని ఎరిగి ఉండాలి.

దేశంలో అనుమతితో జరుగుతున్న ప్రయత్నాలు లేకపోలేదు. ఉత్తరాఖండ్ 2018లో తక్కువ టీహెచ్‌సీ గల నారజనపనార సాగుకు దారి తెరిచింది. జమ్మూలోని కేంద్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్-ఐఐఐఎం తన చఠా క్షేత్రంలో రక్షిత ప్రాంతంలో గంజాయిపై పరిశోధన సాగిస్తున్నది. 2021 నవంబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నారజనపనార గింజను, గింజనూనెను, గింజపిండిని నిబంధనలకు లోబడి ఆహారంగా గుర్తించింది. గింజకు లభించిన ఈ గుర్తింపు పూగుత్తికి గానీ, మొక్క పెంపకానికి గానీ వర్తించదు.

6. మూడు జిల్లాల సందర్భం:
2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. సికింద్రాబాద్-కాజీపేట రైలుమార్గం జనగామ మీదుగా, కాజీపేట-విజయవాడ మార్గం మహబూబాబాద్ మీదుగా సాగుతాయి. డోర్నకల్ కూడలి నుంచి కొత్తగూడెం వైపు శాఖామార్గం ఉన్నది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండలలో పండిన గంజాయి భద్రాచలం ప్రాంతం మీదుగా హైదరాబాదు వైపు తరలే క్రమంలో ఈ దారులు కూడా వినియోగమవుతున్నాయి. రవాణా కేసులలో పట్టుబడేవారిలో సరుకు యజమాని కన్నా సంచి మోసిన కూలీయే తరచుగా కనిపిస్తాడు. వాణిజ్య పరిమాణమైతే 37వ సెక్షన్ వల్ల బెయిలు దొరకడం కూడా కష్టమే.

భూమికి సంబంధించిన ప్రమాదం మరొకటున్నది. గంజాయి సాగుచేస్తే రైతుబంధు నిలిపివేస్తామని, అటవీహక్కు పట్టాలు రద్దుచేస్తామని 2021 అక్టోబరులో నాటి రాష్ట్ర ప్రభుత్వం హెచ్చరించింది. కోయ, లంబాడ కుటుంబాలు తరతరాల పోడు తరువాత పొందిన పట్టాకు పత్తి చేనులోని నాలుగు మొక్కలు ముప్పు తెచ్చిపెట్టగలవు. ‘మందుకోసమే పెంచుతున్నాం’ అన్న సమాధానం అక్కడ నిలవదు. ఏ వైద్యుడు, ఏ లైసెన్సు, ఏ ప్రయోగశాల అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని మొక్క చట్టం దృష్టిలో గంజాయి పంట మాత్రమే.

7. పరిశోధకులకు గల మార్గం:
కళాశాల స్థాయిలో ఈ శాస్త్రాన్ని బోధించడానికి గంజాయి మొక్కే కానవసరం లేదు. కాంతికాలావధిని చామంతితో నిరూపించవచ్చు. అదీ హ్రస్వదీప్తికాల మొక్కే. కొమ్మ ముక్కలతో ఏకరూప మొక్కలను తులసితో పెంచి చూపవచ్చు. ఒకే విత్తనం నుంచి వచ్చిన మొక్కలలోనూ ఔషధ రసాయనాల పాళ్లు మారుతాయన్న సత్యాన్ని నేలవేము, అశ్వగంధలపై పరీక్షించవచ్చు. ప్రతి మొక్కకు సంఖ్య, ప్రతి విడతకు నమూనా, ప్రతి నష్టానికి నమోదు అన్న క్రమశిక్షణను ఈ మొక్కలపైనే అలవరచుకున్న విద్యార్థి, రేపు లైసెన్సు గల సంస్థలో గంజాయిపై పనిచేసినా తడబడడు. సాంఘికశాస్త్ర పరిశోధకులకు రవాణా కేసులలో చిక్కుకున్న కుటుంబాల ఆర్థిక స్థితి, పోడు పట్టాల భద్రత, చట్టంపై గ్రామీణ అవగాహన వంటివి ఇంకా తగినంతగా తడమని క్షేత్రాలు.

8. ముగింపు:
వైద్య గంజాయి గృహాంతర సాగు అంటే నాలుగు గోడల మధ్య దాచిన తోట కాదు. ప్రతి మొక్కనూ ప్రభుత్వం, ప్రయోగశాల, వైద్యుడు చూడగలిగేలా తెరిచి ఉంచిన వ్యవస్థ అది. వెలుతురు, తేమ, జన్యువు, పరిశుభ్రతలపై నియంత్రణ ఆ వ్యవస్థకు ఒక సగం. లెక్క, పరీక్ష, లైసెన్సు రెండవ సగం. రెండవ సగం లేని చోట మొదటి సగం ఎంత నైపుణ్యంతో ఉన్నా అది మందును ఇవ్వదు, శిక్షను మాత్రం తెస్తుంది. ఈ విషయాన్ని తరగతి గది నుంచి తండాకు, గూడేనికి చేరవేయడం ఈ మూడు జిల్లాల అధ్యాపకుల చేతిలో ఉన్న పని.