డిష్‌వాషర్‌కు ఉప్పు ఎప్పుడు అవసరం?

డిష్‌వాషర్ మధ్యలో ఆగిపోయినా, గ్లాసులపై తెల్లని మరకలు మిగిలినా నింద ముందుగా నీటి మీదనే పడుతుంది. గ్రానైట్ శిలల పగుళ్లలో ఊరే బోరు నీటికి అలవాటుపడిన హైదరాబాద్ గృహస్థులకు ఈ అనుమానం సహజమే అయినా, నీటి కాఠిన్యం ఎంతో తేల్చుకోకుండా ఉప్పు నింపడం, సున్నం కరిగించే పొడులు వాడడం వృథా ఖర్చే కావచ్చు.

నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదును కాఠిన్యం అంటారు. దీనిని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమని లెక్కిస్తారు. 60 లోపు ఉంటే మృదుజలంగానూ, 180 దాటితే మిక్కిలి కఠినజలంగానూ పరిగణించడం వాడుక. భారత ప్రమాణాల సంస్థ 2012 నాటి తాగునీటి ప్రమాణంలో 200ను ఆమోదయోగ్య పరిమితిగా, వేరే నీటి వనరు లేనప్పుడు 600ను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది కనుక, మనిషి తాగదగిన నీరే యంత్రానికి గడ్డునీరు కావచ్చు. వేడి చేసినప్పుడు ఆ నీటిలోని బైకార్బొనేట్లు విడిపోయి, కరగని కార్బొనేట్ హీటరు మీద, నీటిని చిమ్మే రెక్కల రంధ్రాలలో పేరుకుంటుంది.

దీనిని నివారించేందుకే చాలా డిష్‌వాషర్లలో రెజిన్ అనే సన్నని గుళికలతో నిండిన గది ఉంటుంది. గుళికలు కాల్షియంను పట్టుకొని సోడియంను విడుస్తాయి, అవి అలసినప్పుడు ఉప్పునీరు వాటిని కడిగి మళ్లీ సిద్ధం చేస్తుంది. వంటింటి అయోడిన్ ఉప్పులో ముద్దకట్టకుండా కలిపే పదార్థాలు, కల్లుప్పులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి కాబట్టి ఆ రెండూ ఈ పనికి తగవు. మృదుజలం వచ్చే ఇంట్లో ఈ ఏర్పాటుకు పనే ఉండదు. యంత్రంతో వచ్చిన పుస్తకం అనుమతిస్తే కాఠిన్యపు అమరికను సున్నాకు తగ్గించి, ఉప్పు మానివేయవచ్చు.

చిక్కంతా కొలవడంలో ఉంది. నీటి శుద్ధి యంత్రాలు అమ్మేవారు చూపే టీడీఎస్ మీటరు, కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుందే తప్ప కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. అపార్ట్‌మెంట్‌లోని సాఫ్ట్‌నర్ ప్లాంటు కాల్షియంను తీసి సోడియంను చేరుస్తుంది కనుక, నీరు మెత్తబడినా మీటరు అంకె దాదాపు మారదు. ఆ అంకె చూసి భయపడి ఉప్పు పోయడం అర్థంలేని పని. కాఠిన్యానికి ప్రత్యేకించిన పరీక్షా పట్టీ గానీ, చుక్కల కిట్ గానీ వాడాలి.

మృదుజలానికీ ఒక బెడద ఉంది: డిటర్జెంట్ మోతాదు మించితే, దానిలోని క్షారం గాజును క్రమంగా తినివేసి శాశ్వతంగా మసకబారుస్తుంది. వెనిగర్‌తో రుద్దితే పోయేది సున్నం. పోనిది గాజు అరుగుదల కావచ్చు, దానికి ఏ మందూ లేదు.

ఇక యంత్రం మొరాయించడానికి సున్నంతో సంబంధంలేని కారణాలు ఎన్నో. అడుగున నీరు నిలిస్తే ఫిల్టరులో కరివేపాకు, మెతుకులు, నీటిని తోడే పంపులో చింతగింజ లేదా గాజుముక్క, మెలిపడిన గొట్టం అనుమానించదగినవి; నీరే రాకపోతే లోపలికి వచ్చే చోటి జల్లెడలో బోరు ఇసుక చేరి ఉండవచ్చు. కరెంటు ప్లగ్ తీశాకే వీటిని తడమాలి. ఇక ఉప్పు విషయానికి వస్తే, వానాకాలంలో సరిపోయిన కాఠిన్యపు అమరిక, మంజీరా నది నుంచి వచ్చే కుళాయి నీళ్లు తగ్గి ట్యాంకరు నీళ్లు మొదలయ్యే వేసవిలో సరిపోకపోవచ్చు కాబట్టి అప్పుడు మరోసారి పట్టీతో చూసుకోవడం అవసరం.